పూతకు వదిలిన నూలు

నన్ను బడి ఎవరూ మాన్పించలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సుఖం. మేస్త్రీ కూతురు, తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయింది అనగానే వినేవాళ్ళు "అయ్యో పాపం" అని మా నాయన వైపు అదో రకంగా చూస్తారు. ఆ చూపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చదివించాలని ఆ మనిషి పడిన పాట్లు వాళ్ళకేం తెలుసు? మానేసింది నేను. నా కాళ్ళతో నేనే బడి గోడ దూకి వచ్చేశాను.

మాది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. తాతల కాలం నుంచి మా వాళ్ళది కట్టుబడి పని. మా నాయన మేస్త్రీ. మా అమ్మ ఆయన దగ్గరే చిత్తాలు, అంటే ఇటుకలూ సిమెంటు మాలూ నెత్తిన పెట్టుకుని అందించే మనిషి. నాయనకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. నేను బడిలో నేర్చుకున్నది తమిళమే. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు నలభై దగ్గర పడ్డాక, చదువు మీద ఆశ పుట్టిన తర్వాత, ఫోనులో చూసి నేర్చుకున్నవి.

తొమ్మిదిలో ఉండగా క్వార్టర్లీ సెలవుల్లో అమ్మకు జ్వరం వచ్చింది. మనిషి తక్కువైతే పని ఆగిపోతుందని నేను వెళ్ళాను. నాయన వద్దన్నాడు, నేను వినలేదు. ఎండ, దుమ్ము, నెత్తిన బరువు, అన్నీ ఉన్నాయి. కానీ పది గంటలకు టీ, బన్ను ఉన్నాయి. ఆడవాళ్ళ కబుర్లు ఉన్నాయి. నోరు మూసుకుని కూర్చోమని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. శనివారం సాయంత్రం అందరితో పాటు నన్నూ నిలబెట్టి నాయన నా చేతిలో కూలి పెట్టాడు. పెట్టి, అందరూ వింటుండగా ఒక మాట అన్నాడు.

"నా బిడ్డ చెయ్యి మంచిది. ఇది ఇటుక అందిస్తే గోడ దానంతట అదే లేస్తాది."

మా నాయన పొగిడే మనిషి కాదు. అమ్మ వంట బాగుంటే ఇంకోసారి వడ్డించుకునేవాడు, అంతే, అదే మెచ్చుకోలు. బడిలో కూడా నన్ను మెచ్చుకున్న పంతులమ్మ ఎవరూ లేరు. నేను కూర్చునేది వెనక బెంచీలో, నా మార్కులు కూడా అక్కడివే. అలాంటిదాన్ని ఆ శనివారం ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తు లేదు. ఆ మాట మాత్రం గుర్తుంది.

సెలవులు అయిపోయాయి. నేను బడికి పోనన్నాను. నాయన మొదట నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని బడి దాకా నడిపించుకుని పోయాడు. గేటు దగ్గర వదిలి ఆయన వెనక్కి తిరగగానే నేను పెరటి వైపు గోడ దూకేదాన్ని. ఆయన దారిలో టీ తాగి పని దగ్గరికి వచ్చేసరికి నేను నెత్తిన మాలు తట్టతో ఎదురయ్యేదాన్ని. రెండుసార్లు ఇలా అయింది. మూడో రోజు ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు కూడా. నాకది పెద్దగా పట్టలేదు. వయసు అలాంటిది, ఒంట్లో బలం ఉంది, రేపటి గురించి ఆలోచించే తెలివి లేదు.

పెళ్ళయి వేలూరు వచ్చాను. మా ఆయన గోడలకు రంగులేసే మనిషి. సత్తువాచారిలో కాపురం. మంచివాడు, ఒక్కటే లోపం. రంగు ఎంచమంటే గోడకైనా చీరకైనా లేత పచ్చే అంటాడు. మాకు పిల్లలు లేరు. పొద్దున ఆయన బ్రష్షులతో, నేను తట్టతో బయలుదేరేవాళ్ళం. కలెక్టరాఫీసు చుట్టుపక్కల లేచిన ఇళ్ళలో నేను మోసిన ఇటుకలు ఎన్ని ఉన్నాయో! అక్కడే ఫైళ్ళు చంకలో పెట్టుకుని ఆఫీసులకు పోయే నా ఈడు ఆడవాళ్ళను చూసేదాన్ని. చీర మీద దుమ్ము ఉండదు, నడకలో తొందర ఉండదు. వాళ్ళను చూసి అసూయపడలేదని చెప్పను. పడ్డాను. తట్ట దించిన చోట నిలబడి, తొమ్మిది తర్వాత పది వస్తుంది కదా, ఒక్క ఏడాదే కదా అనుకునేదాన్ని. అనుకుని మళ్ళీ తట్ట ఎత్తుకునేదాన్ని.

చివరికి సిమెంటే నన్ను వదిలేసింది. మొదట వేళ్ళ సందుల్లో దురద, తర్వాత పగుళ్ళు. చారు అన్నం కలుపుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండు చేతులూ తిప్పి చూసి, ఇక సిమెంటు ముట్టుకోవద్దని చెప్పింది. సరేనని తలూపి, మానేస్తే గడిచేదెలా అని మళ్ళీ పనిలోకి పోయాను. ఈసారి చేతులు వాచి గాజులు కోసి తీయాల్సి వచ్చింది. అప్పుడు భయం వేసింది. నాకు తెలిసింది ఆ పని ఒక్కటే. ఆ పని లేకపోతే నేనేమిటి?

మా వీధిలో ఒకామె ఉపాయం చెప్పింది. బడుల్లో మధ్యాహ్న భోజనం చూసుకునే ఉద్యోగాలు పడబోతున్నాయట. వండటం కాదు, బియ్యం పప్పు గుడ్లు సరిచూసుకోవడం, రిజిస్టరు రాయడం, పిల్లలందరికీ అందేలా చూడటం. నా చేతులకు సరిపోయే పని. పరుగున కలెక్టరాఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. నేను తొమ్మిది చదివానని చెబితే నవ్వలేదు.

"తొమ్మిది లెక్కలోకి రాదమ్మా, పది పాసై ఉండాలి. నీ వయసుకు ఇంకో రెండేళ్ళే గడువు ఉంది. ఈలోపల ప్రైవేటుగా పరీక్ష కట్టి రాసేయ్" అన్నాడు.

బయటికి వచ్చి కాంపౌండు గోడ నీడలో కూర్చుని ఏడ్చాను. అది నేను ఇటుకలు అందించిన గోడే. దాని మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

మా ఆయన అప్పుడు బెంగుళూరులో పెద్ద పని ఒప్పుకున్నాడు. "నువ్వు పోయి మీ నాయన దగ్గర ఉండి చదువుకో. ఈడ ఉంటే సుమ్మా ఊరికే కూర్చోలేక మళ్ళీ తట్ట ఎత్తుకుంటావు" అన్నాడు. నన్ను ఎరిగిన మనిషి. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాయన గుడియాత్తంలో ఒక్కడే వండుకుని తింటూ, ఒళ్ళు సహకరించినప్పుడు చిన్న చిన్న పనులు చేసుకుంటూ ఉన్నాడు. బస్సు దిగి సంచితో వాకిట్లో నిలబడి, పదో తరగతి రాస్తానని చెప్పాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే నన్ను చూశాడు.

"బడిదాకా నేను తోడు రావల్లా, వద్దా? గోడ దూకే వయసు దాటినావు గదా?"

అంతే అన్నాడు. గడ్డం కడుక్కుని, చొక్కా వేసుకుని బజారుకు పోయాడు. పదో తరగతి పిల్లలకు ఏమేం కావాలో ఆయనకేం తెలుసు? జామెట్రీ బాక్సు, పెన్నులు, వాటితో పాటు ఒక పలక, బలపాల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ పలక చూసి నవ్వి నవ్వి, చివరికి చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ పలక మీదే లెక్కలు వేసుకున్నాను, కాగితం ఖర్చు తగ్గింది.

మా ఇంటి ఎదురుగా మగ్గాల వాళ్ళ కోడలు ట్యూషన్లు చెప్పేది. లెక్కల్లో పెద్ద చదువు చదివింది. నా కంటే చాలా చిన్నది. నన్ను అక్కా అనేది, నేను ఆమెను మిస్సు అనేదాన్ని. మగ్గం చప్పుళ్ళ మధ్య పాఠం. తమిళం, సైన్సు, సోషలు ఎలాగో గట్టెక్కుతాయని తేలింది. ఇంగ్లీషు కంఠతా పట్టేశాను. లెక్కలే కొరకరాని కొయ్య.

"భయపడొద్దక్కా. జామెట్రీలో త్రిభుజం తప్పు లేకుండా గీసేస్తే, గ్రాఫు గీసేస్తే, సగం పాసైనట్టే. అవి రెండూ నువ్వు వదలకూడదు" అని మిస్సు ధైర్యం చెప్పింది.

ఆ త్రిభుజమే నాకు లొంగలేదు. కంపాసు తిప్పితే పగిలిన వేళ్ళు మండేవి. దానికి తోడు ఆ గీతలు ఎందుకో, ఆ చాపాలు ఎక్కడ ఖండించుకుంటే ఏమొస్తుందో బుర్రకు ఎక్కలేదు. ఒకరోజు పొద్దున వాకిట్లో కూర్చుని నాలుగోసారి తప్పు గీసి, కంపాసు విసిరికొట్టాను. అది పోయి నాయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన తీసి మట్టి తుడిచి, ఏంది సంగతి అని అడిగాడు. ఒక గీత ఇంత, రెండోది ఇంత, మూడోది ఇంత, మూడూ కలిసేలా గీయాలి అని విసుక్కుంటూ చెప్పాను.

"ఇంతేనా? లేయ్" అన్నాడు.

లోపలికి పోయి నూలు తాడు, మేకులు, సున్నం తెచ్చాడు. వాకిట్లో ఒక గీత కొట్టి ఆ కొసన ఒక మేకు, ఈ కొసన ఒక మేకు దిగేశాడు. ఒక మేకుకు రెండో కొలతంత తాడు కట్టి, దాని కొస నా చేతికిచ్చి తిరగమన్నాడు. తిరిగినంత మేరా సున్నం చల్లాడు. రెండో మేకు దగ్గర మూడో కొలతతో అలాగే చేశాడు. రెండు సున్నపు వంకలు కలిసిన చోట నన్ను నిలబెట్టాడు.

"ఇప్పుడు నువ్వుండాది యాడ?"

"మూడో మూలలో" అన్నాను. అన్నాక గానీ నాకే తెలియలేదు, అర్థమైందని. కాగితం మీద ఎంతకూ కనబడనిది ఒక గదిలా నా చుట్టూ ఉంది. ఆ గదిలోకి ఎదురింటి కోళ్ళు వచ్చి తిరిగాయి. నేను చప్పట్లు కొట్టాను. అప్పటి నుంచి ప్రతి పొద్దునా ఒక లెక్క వాకిట్లో వేసేవాళ్ళం. ముగ్గు వేయాల్సిన చోట త్రిభుజాలు చూసి వీధిలో వాళ్ళు ఏదో పూజ అనుకున్నారు. ఒకామె వచ్చి, ఏ గ్రహానికమ్మా అని కూడా అడిగింది. లెక్కల గ్రహానికి అన్నాను.

పరీక్షలు దగ్గర పడ్డాయి. మిస్సు నా నోటు పుస్తకం ముందేసుకుని స్కేలుతో బొమ్మలన్నీ కొలిచింది. నుదురు చిట్లించింది. మళ్ళీ కొలిచింది.

"అక్కా, పద్ధతంతా కరెక్టు. కానీ ప్రతి భుజమూ కొంచెం ఎక్కువే ఉండాది. ఒక్కటన్నా తక్కువ రాలేదు. అన్నీ ఎక్కువే! చూసి గీస్తావా, చూడకుండా గీస్తావా?"

నాకూ అర్థం కాలేదు. స్కేలు పట్టుకుని ఆమె ముందే ఇంకో గీత గీయబోయాను. ఇచ్చిన కొలత దగ్గర పెన్సిలు ఆగింది. ఆగి, నా ప్రమేయం లేకుండానే ఒక రవ్వ ముందుకు జరిగింది. అప్పుడు తట్టింది. మేస్త్రీలు గది కొలత పెట్టేటప్పుడు లోపల చెప్పిన కొలత కంటే ఒక పిసరు ఎక్కువ వదులుతారు. ఇటుక మీద సిమెంటు పూత పడ్డాక గది ఆ మేర చిన్నదవుతుంది కాబట్టి. పూత తినేస్తుంది అంటారు. చిన్నప్పటి నుంచి నేను పట్టిన ప్రతి తాడూ అలా జరిగిందే. నాయన వాకిట్లో మేకులు కొట్టినప్పుడూ అలాగే కొట్టాడు. ఆ అలవాటునే నేను కాగితం మీదికి తెచ్చాను. ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పూతకు వదిలి గీస్తున్నాను.

"పూతకు వదిలినాను మిస్సూ" అంటే ఆ పిల్లకు ఒక పట్టాన అర్థం కాలేదు. అర్థమయ్యాక మగ్గం చప్పుడును మించి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే రోడ్డు దాటి ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను.

ఆయన నవ్వలేదు. గడప మీద కూలబడ్డాడు.

"నా పని నీ చదువుకు ఎప్పుడూ అడ్డమే వస్తా ఉండాది" అన్నాడు.

"ఏం మాటలు నాయనా?"

"ఆ శనివారం నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీ చెయ్యి మంచిదని పదిమందిలో అన్నానే, ఆ మాట. నువ్వు కూలికి ఆశపడి బడి మానలేదమ్మా. ఆ మాటకు ఆశపడి మానినావు. నీ మొగం చూసినాను గదా, నాకు తెలుసు. మీ అమ్మకు కూడా నేను చెప్పలే."

నాకే తప్ప ఎవరికీ తెలియదనుకున్నది ఆయన ఇన్నేళ్ళూ మోస్తున్నాడు. చదువు పోయినందుకు నేను బాధపడ్డాను. చదువు పోగొట్టింది తానేనని ఆయన బాధపడ్డాడు. ఇద్దరం ఒకే ఇంట్లో తిన్నాం, పండుగలు చేసుకున్నాం, అమ్మను సాగనంపాం, ఒక్కనాడూ ఈ మాట పైకి రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"గోడ దూకింది నేను నాయనా. నువ్వు గేటు దాకా తెచ్చి వదిలినావు. ఇంకెవరన్నా అయితే అది కూడా చెయ్యరు" అన్నాను. "ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోవద్దు. నాకు బడిలో ఎవరూ ఇయ్యనిది నువ్వు ఇచ్చినావు."

ఆయన తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు. "కాగితానికి పూత లేదమ్మా. గీసిందే గోడ. ఇంక వదలద్దు" అన్నాడు.

మర్నాడు పొద్దున పాత సున్నం అంతా ఊడ్చేసి కొత్తగా మొదలుపెట్టాం. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి మేకును పక్కకు జరపబోవడం, తన చేతిని తానే చరుచుకోవడం! ఒక జన్మంతా చేసిన పనిని మర్చిపోవాలంటే మాటలా? ఆ వయసులో ఆయన అంత ప్రయత్నం చేస్తుంటే నేను చేయకుండా ఎలా ఉంటాను?

పరీక్ష వేలూరులో. లెక్కల రోజు నాయన నాతో బస్సెక్కాడు. పళ్ళికొండ దాటాక విరించిపురం వస్తుంది. అక్కడి స్వామి దారిన పోయేవాళ్ళకు తోడుంటాడని మా వాళ్ళ నమ్మకం. బస్సులోంచే నాయన రెండు చేతులూ ఎత్తి మొక్కి, నన్నూ మొక్కమని మోచేత్తో పొడిచాడు. మొక్కాను. ఆ రోజు కనిపించిన ప్రతి రాయికీ మొక్కేలా ఉన్నాను.

త్రిభుజం వచ్చింది. కళ్ళు మూసుకుని మా వాకిలి తలచుకున్నాను. మేకు, తాడు, సున్నం. గీశాను. అంతా కుదిరిందని సంతోషపడి, ఎందుకైనా మంచిదని కొలిస్తే, అడుగు గీత ఒక నూలు ఎక్కువ! అన్ని పొద్దులూ నేర్చుకున్నది భయంలో ఎగిరిపోయింది, చెయ్యి మాత్రం తన పాత పని తాను చేసేసింది. రబ్బరు తీసుకుని మొత్తం చెరిపేశాను. కాగితం పల్చబడి చిరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి, మళ్ళీ మొదటి నుంచి గీశాను. ఈసారి పెన్సిలు ముందుకు జరగబోతే ఎడమ చేత్తో నా కుడి చెయ్యి మీద నేనే చరుచుకున్నాను. పర్యవేక్షణకు వచ్చిన ఆయన ఏమైందమ్మా అన్నాడు. దోమ అన్నాను.

ఫలితాలు వచ్చిన రోజు మిస్సు ఫోను పట్టుకుని రోడ్డు దాటి పరుగెత్తుకు వచ్చింది. అన్నీ పాసు. లెక్కలు కూడా. నాయన ఆ ఫోనును తలకిందులుగా పట్టుకుని చూసి నాకిచ్చాడు.

"లెక్కల్లో పాసు గీతకు ఎంత పైన ఉండావు?"

"ఒక నూలు ఎక్కువ నాయనా" అన్నాను.

అప్పుడు నవ్వాడు. వీధి చివరిదాకా వినబడేలా నవ్వాడు.

ఉద్యోగం రావడానికి ఇంకొంత కాలం పట్టింది. గడువు దాటిపోతుందేమోనని నేను నిద్రపోని రోజులున్నాయి. దాటలేదు. లత్తేరి దగ్గర ఒక బడిలో వేశారు. పనిలో చేరే ముందు రాత్రి నేను గుడియాత్తంలోనే ఉన్నాను. పొద్దున లేచేసరికి నాయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని గడప మీద సిద్ధంగా ఉన్నాడు. ఎక్కడికి అంటే, "యాడికేంది? నిన్ను బడిలో వదిలేదానికి" అన్నాడు.

వద్దంటే వినలేదు. బస్సు దిగి బడి దాకా నడిచాం. పిల్లలు మమ్మల్ని తోసుకుంటూ లోపలికి పోతున్నారు. గేటు దగ్గర ఆయన ఆగాడు. నా చేతులు రెండూ తీసుకుని, మానిన పగుళ్ళను ఒకసారి బొటనవేలితో తడిమి వదిలేశాడు. నేను లోపలికి నడిచాను. వంటగది మెట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే గేటు కమ్మీలు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"పో నాయనా, బస్సు పోతాది!" అని అరిచాను.

"నువ్వు పో. గంట కొట్టినాంక పోతాను" అన్నాడు.

ఆ కాలంలో నేను గోడ దూకింది గంట కొట్టక ముందే. నేను లోపలికి పోయి బియ్యం గది తాళం తీశాను. కిటికీలోంచి గేటు కనబడుతోంది. గంట కొట్టారు. అప్పుడు మా నాయన తువ్వాలు భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి, టీ అంగడి వైపు నడిచాడు.